పిల్లి చుట్టూ చదివే మామ

సరే, వేడి కోసమే అనుకుందాం. వేడి కోసమే అయితే వంటింట్లో అప్పుడే దించిన ఇడ్లీ గిన్నె ఉంది. మిద్దె మీద ఎండకి కాగే నల్లటి నీళ్ళ ట్యాంకు ఉంది. అసలు కోవిల్‌పట్టిలో ఏప్రిల్ నెల అనేది ఒకటుంది, ఊరంతా పెనమే, పిల్లి ఎక్కడ పడుకున్నా వేడికి లోటుండదు. అన్ని వేడి చోట్లు వదిలేసి నా లాప్‌టాప్ మీదికే, అదీ నేను క్లయింటుతో మాట్లాడుతుండగానే వచ్చి కూర్చుంటే, దాన్ని ప్రేమ అనక ఏమంటారు?

ఈ మాట మా మామతో ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు. ఆయన చెవి మీది ఎర్రపెన్ను తీసి, ఎదురుగా ఉన్న కాగితం మీద ఏదో దిద్ది, పెన్ను మళ్ళీ చెవి మీద పెట్టుకుని, "వేడి పాపా, వేడి" అనేవాడు. అంతే. నావి వంద మాటలైతే ఆయనవి మూడు, అందులోనూ రెండు ఒకటే.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. గొడవ మాత్రం నా దగ్గర ఉండిపోయింది. మొన్న ఆఫీసు మీటింగులో, ఇంటి నుంచి పనిచేస్తున్న కొత్తమ్మాయి ముందు ఒక తోక లేచింది. తర్వాత పిల్లి మొత్తం వచ్చి కీబోర్డు మీద బోర్లా పడుకుంది. అందరూ పని వదిలేసి, "అబ్బ, నువ్వంటే దానికి ఎంత ఇష్టమో" అని ఒకటే మురిసిపోవడం. నేను మ్యూట్ తీసి, "ఇష్టం లేదు, గిష్టం లేదు. వేడి" అన్నాను. మాట నోరు దాటాక గానీ అది ఎవరి మాటో నాకు వెలగలేదు. కెమెరా ఆపేసి కాసేపు నన్ను నేను తిట్టుకున్నాను. ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను, కాబట్టి ఎక్కడైనా గొంతు పెరిగితే సర్దుకోండి.

నేను చెన్నైలో పెరిగినదాన్ని. అమ్మది కోవిల్‌పట్టి, నాన్నది విరుదునగర్. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, కోపం వస్తే రెండూ. మా కంపెనీ అందర్నీ ఇంటి నుంచే పనిచేసుకోమన్న రోజుల్లో నేనుంటున్న అద్దింటి ఓనరు వచ్చి, ఇక్కడ పిల్లి ఉండటానికి వీల్లేదన్నాడు. నాకు కోపం ముందు వస్తుంది, ఆలోచన తర్వాతి బస్సులో వస్తుంది. "అయితే మేమిద్దరం ఉండం" అనేశాను. సామానంతా సర్దేశాక గుర్తొచ్చింది, ఎక్కడికి వెళ్ళాలో అనుకోలేదని. అమ్మకి పిల్లి వెంట్రుక తగిలితే ఆయాసం. ఇక మిగిలింది అమ్మకి అన్న, కోవిల్‌పట్టి మామ. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కడే ఉంటాడు, వద్దనడానికి ఇంట్లో రెండో మనిషి లేదు.

ఫోన్ చేశాను. "మామా, నాతో పిల్లి కూడా వస్తుంది."

"అది ఏమి వేలై చేస్తాది?"

"పిల్లికి పనేమిటి మామా? ఏమీ చెయ్యదు."

"అట్టయితే రానీ. పని చేసేవోళ్ళు ఇద్దరుండారు, చూసేదానికి ఒకరు కావాల కదా."

మామ పని క్యాలెండర్లకి ప్రూఫు చూడటం. గోడకి తగిలించి రోజుకో కాగితం చింపుతారు చూడండి, తిథీ నక్షత్రం రాహుకాలం పండగలూ అన్నీ వేసి ఉంటాయి, ఆ క్యాలెండర్లు. అచ్చుకి ముందు ఆ కాగితాలు కట్టలు కట్టి శివకాశి బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపేవాళ్ళు. మామ స్టాండుకి వెళ్ళి తెచ్చుకుని, హాల్లో భోజనాల టేబుల్ మీద పరుచుకుని, తప్పులు దిద్ది మర్నాడు అదే బస్సులో వెనక్కి పంపేవాడు. ఇంటి నుంచి పని అనే సంగతి మా కంపెనీకి తట్టక ముందే ఆయన జీవితమంతా చేసింది అదే.

ఈ పనివల్ల ఆయన ఎప్పుడూ వచ్చే ఏడాదిలో బతికేవాడు. ఇవాళ ఏం వారమని అడిగితే పైకి చూసి ఆలోచించేవాడు. వచ్చే ఏడాది కార్తీకం ఎప్పుడని అడిగితే నోట్లో అన్నం ఉండగానే చెప్పేవాడు. ఒకసారి ఎవరిదో గృహప్రవేశమని ఇస్త్రీ చొక్కా వేసుకుని, పళ్ళు పట్టుకుని వెళ్ళి, తాళం వేసిన ఇంటి ముందు నిలబడి తిరిగొచ్చాడు. తేదీ గుర్తుంచుకోకుండా వారం గుర్తుంచుకున్నాడట, ఆ వారమేమో తాను దిద్దుతున్న వచ్చే ఏడాది క్యాలెండరులోది. "నేను అడ్వాన్సుగా పోయినాను పాపా, వాళ్ళే లేటు" అన్నాడు, పళ్ళు ఫ్రిజ్‌లో పెడుతూ.

నా ఫోన్‌ని ఫోన్ అనేవాడు కాదు, కుడిచెయ్యి అనేవాడు. "పాపా, నీ కుడిచేతిని ఆ పక్క పెట్టి, మిగిలిన చేత్తో కూడు తిను." అది మోగితే, "చూడే, నీ కుడిచెయ్యి ఏడుస్తా ఉండాది." ఆయనకో పాత బటన్ ఫోన్ ఉండేది, అది మోగితే మాత్రం లేచి నిలబడి మాట్లాడేవాడు, పాలావిడైనా సరే, ప్రెస్సు ఓనరైనా సరే.

ఆ టేబుల్‌కి ఒక చివర ఆయన కాగితాలు, ఇంకో చివర నా లాప్‌టాప్. మధ్యలో పిల్లి.

దాని పేరు మోచా. కాఫీ పేరే, ముద్దుగా పెట్టుకున్నాను. మామ ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. "కాపీ పేరు పిల్లికెందుకు? దాని వేలై చూసి పేరు పెట్టాల" అన్నాడు. దాని పని తెలియడానికి ఆయనకి ఎక్కువ కాలం పట్టలేదు. మీటింగు మొదలయ్యేటప్పుడు లాప్‌టాప్ చేసే టుంగ్ అన్న చప్పుడు దానికి అన్నం గంట. పొద్దున్నుంచీ అటక మీద గోనెసంచిలా పడి ఉన్న జీవి ఆ చప్పుడు వినగానే దిగి, ఒళ్ళు విరుచుకుని, టేబుల్ ఎక్కి, కెమెరాకి వీపు పెట్టి నిలబడేది. మా మేనేజరు నా మొహం కన్నా దాని వెనకభాగమే ఎక్కువ చూశాడు. నేను మ్యూట్‌లో ఉన్నంతసేపూ నోరు విప్పదు. మ్యూట్ తీశానా, ఎవరో పీక నులుముతున్నట్టు అరుపు. ఒకసారి దాని పాదం కీబోర్డు మీద పడి మేనేజరుకి అర్థంలేని అక్షరాలు ఒక పేజీ నిండా వెళ్ళిపోయాయి. ఆయన "నోటెడ్" అని జవాబు పెట్టాడు. నేను వారం కూర్చుని రాసిన రిపోర్టుకీ ఆయన పెట్టిన జవాబు అదే.

ఒక రోజు కీబోర్డు మీద పడుకున్నదాన్ని పట్టి లాగాను. చేతి మీద నాలుగు గీతలు గీసింది. నేను తమిళంలో దాన్నీ, తెలుగులో దాని తల్లినీ తిడుతుంటే మామ పెన్నుకి మూత పెట్టాడు.

"లీడరు వచ్చి గేటు కాడ కూచుంటే లారీ కదలదు పాపా. లేచి కాపీ తాగి రా."

వయసులో ఉన్నప్పుడు ఆయన కొన్నాళ్ళు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ యూనియన్ లీడరు వచ్చి గేటు ముందు కూర్చుంటే అందరూ చేతిలో పని కింద పెట్టేసేవాళ్ళట.

"లీడరేమిటి మామా? నాకు బాసు అనండి. రోజంతా నన్ను కాపలా కాస్తోంది."

"పని చేయించేది మొదలాళి. పని నిలిపించేది లీడరు. ఇది ఏది, నువ్వే చెప్పు?"

ఆ రోజు నుంచి అది లీడరు. పాలావిడకి కూడా లీడరే.

పైకి వేడి గురించి కొట్లాడుకునేవాళ్ళమే గానీ, లోపల గొడవ ఒకటే. ఆ పిల్లి ఎవరిది? నేను తెచ్చాను, నేను పేరు పెట్టాను, దాని కోసం ఇల్లు వదిలాను. అయినా ఆ ఇంట్లో నాకు కొద్దికొద్దిగా అనుమానం మొదలైంది.

అనుమానం మొదలైంది బల్లి రోజున. విదేశం క్లయింటు, పెద్ద మీటింగు, నేనే మాట్లాడాలి. మాట్లాడుతున్నాను. లీడరు పెరట్లోంచి వచ్చి టేబుల్ ఎక్కి, నోట్లో ఉన్న బల్లిని నా చేతి మీద వదిలింది. బల్లి బతికే ఉంది. నేను వేసిన కేక ఏ దేశంలో ఎంతమంది విన్నారో తెలియదు. కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. నేల మీద నుంచి చూస్తే, భుజం మీద తువ్వాలు, కట్టుకున్న లుంగీ, చెవి మీద ఎర్రపెన్నుతో మామ కెమెరా ముందుకి వచ్చి, ఒక పాత కాగితంతో బల్లిని ఎత్తి, తెర వైపు తిరిగి, ఇంగ్లీషులో "సారీ సార్. లంచ్" అన్నాడు. అవతల ఎవరో పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మీటింగు అయ్యాక చూస్తే ఆయన తన క్యాలెండరు కాగితాల్లో బల్లి పడితే ఏ ఫలితమో వేసే పట్టిక తెరిచి కూర్చున్నాడు.

"చెయ్యి మీద పడితే ఏమని రాసినారంటే..."

"మామా, అది పడలేదు! పిల్లి తెచ్చి వేసింది!"

ఆయన కళ్ళద్దాలు తీసి నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "ఆమా. పిల్లి తెచ్చి వేసిన బల్లికి పలం రాయలేదు. ప్రెస్సుకి చెప్పాల. వచ్చే ఏడాదికి చేరుస్తారు."

నేను నవ్వలేదు. కోపంగా ఉన్నాను కదా. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని నవ్వాను. తిరిగొచ్చేసరికి లీడరు మామ కాగితాల మీద పడుకుని ఉంది.

ఆ తర్వాత నా లాప్‌టాప్ వైపు రావడం తగ్గించింది. రోజూ కాగితాల మీదే. పైగా మామ దాన్ని లేపేవాడు కాదు. దాని కడుపు కింద చిక్కుకున్న కాగితాన్ని లాగేవాడు కూడా కాదు. చుట్టూ చదివేవాడు. కాళ్ళ మధ్య కనిపించే తిథి, చెవి పక్కన కనిపించే నక్షత్రం, అన్నీ దిద్దుకుంటూ వెళ్ళి, పిల్లి ఆకారంలో మిగిలిన చోటు కోసం చేతులు కట్టుకుని కూర్చునేవాడు. అది లేస్తే ఆ చోటు చదివేవాడు. లేవకపోతే కాఫీ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆన్‌లైన్‌లో దానికి మెత్తటి పరుపు తెప్పించాను. అది అట్టపెట్టెలో పడుకుంది. మూడంతస్తుల ఆట గూడు తెప్పించాను. మామ దానికి తువ్వాలు ఆరేసుకున్నాడు. చివరికి నా లాప్‌టాప్ పక్కన తమిళ పేపరు పరిచి కూర్చున్నాను. అది ఆ పేపరు మీద నడిచి, మామ కాగితాల దగ్గరికి వెళ్ళింది.

అప్పుడు పట్టుకున్నాను ఆయన్ని. "ఇప్పుడు చెప్పండి మామా. మీ కాగితాల్లో వేడి ఎక్కడుంది?"

ఇన్నాళ్ళకి దొరికాడని సంబరపడ్డాను. ఆయన తల ఎత్తలేదు.

"నేను చదువుతా ఉండా కదా. మన చూపు యాడుంటే ఆడ కూచుంటాది."

"వేడి అన్నారుగా ఇన్నాళ్ళూ!"

"అది నీ కత. నీ చూపు లాప్‌టాప్‌లో యాడుండాది? మీటింగు నడుస్తా ఉంటే కూడా కుడిచేతిలో ఉండాది. పాపం, ఫోను మీద కూచోవాలంటే దానికి చోటు చాలలేదు."

కోపం వస్తే నాకు మీరు కాస్తా నువ్వు అయిపోతుంది. "నువ్వు నోరు ముయ్యి మామా!" అన్నాను. ఆయన ఏమీ అనుకోడు. ఎంత కోపమో దాన్నిబట్టి కొలుచుకుంటాడు. "ఈపొద్దు పెద్దదే" అని పిల్లితో చెప్పి, పెన్ను తీసుకున్నాడు.

అలాగని పిల్లివల్ల ఆయనకి నష్టం జరగలేదని కాదు. ఒకసారి ఒక కాగితంలో అమావాస్య రావాల్సిన చోట పౌర్ణమి ఉండిపోయింది. లీడరు నిద్రపోయిన కాగితమే అది. లేచేదాకా ఆగి చదవాల్సింది, కాఫీకని వెళ్ళి మరిచిపోయాడు. ప్రెస్సు ఓనరు ఫోన్ చేసి కేకలేశాడు. మామ లేచి నిలబడి, "ఆమా సార్. నాదే తప్పు సార్. వయసయిపోయె సార్" అన్నాడు తమిళంలో. పెట్టేశాక పిల్లి వైపు తిరిగి, మెల్లిగా, "నీ పేరు చెప్పలేదు" అన్నాడు.

అది విని నేను ఫోన్‌లోకి చూస్తూ కూర్చున్నాను. అందులో ఏముందో ఇప్పుడు గుర్తులేదు.

తర్వాత కంపెనీ అందర్నీ ఆఫీసుకి రమ్మంది. చెన్నైలో పిల్లిని ఒప్పుకునే ఓనర్ని వెతికి పట్టుకున్నాను. దాన్ని తీసుకెళ్ళడానికి మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట కొన్నాను. బుట్ట చూసి మామ అన్నాడు: "బట్టలకా?"

"పిల్లికి."

"లీడరు రాదు. నువ్వు పొద్దున పోతే రాత్రికి కదా వస్తావు? ఆడ ఎవరి పని నిలిపిస్తాది?"

"నా పిల్లి మామా!"

"నేనెప్పుడు కాదంటిని? నీ పిల్లే. ఈడ ఉంటాది."

రెండు రోజులు ఇదే. మూడో రోజుకి విరుదునగర్ నుంచి అత్త దిగింది. నాన్నకి అక్క. ఎక్కడ తగువుందన్నా బస్సెక్కే మనిషి. నూనెలో వేయించిన పరోటాల పొట్లం టేబుల్ మీద పెట్టి, మా ఇద్దరి వాదన వింటూ రెండు పరోటాలు తాను తిని, తీర్పు చెప్పింది.

"పువ్వు అడగండి."

మా వైపు తేలని తగువుకి పువ్వు అడుగుతారు. పెళ్ళి సంబంధమైనా అంతే, బోరు వేసే చోటైనా అంతే. ఒక తెల్ల పువ్వు, ఒక ఎర్ర పువ్వు తీసుకుని, ఏది ఎందులో ఉందో తెలియకుండా రెండు కాగితాల్లో మడిచి, సామి పటం ముందు వేస్తారు. అడగాల్సింది మనసులో అడుగుతారు. చిన్నబిడ్డ చేత ఒక పొట్లం తీయిస్తారు. తెల్లది వస్తే సరే, ఎర్రది వస్తే కాదు. నేను ఇలాంటివి నమ్మను. కానీ గెలుస్తాననిపిస్తే నమ్ముతాను.

మామ పెరట్లోంచి నందివర్ధనం, ఎర్ర గన్నేరు కోసుకొచ్చాడు. పాత క్యాలెండరు కాగితాల్లో అత్త మడిచింది.

"ఇంట్లో చిన్నబిడ్డ లేదే. ఎవరు తీస్తారు?" అంది.

"లీడరు తీస్తాది" అన్నాడు మామ.

"తగువే దాని గురించి. దాని చేతే తీయిస్తారా?"

"మనిసి కాదు కదా వదినా. దొంగాట తెలీదు."

ముగ్గురం కళ్ళు మూసుకున్నాం. కళ్ళు తెరిచేసరికి లీడరు ఒక పొట్లాన్ని వాసన చూసి, రెండోదాన్ని పంజాతో కొట్టి, నోట కరుచుకుని బీరువా కిందికి దూరిపోయింది. తర్వాత కాసేపు ఆ ఇంట్లో దృశ్యం మీరు ఊహించుకోండి. దేవుడి నిర్ణయం కోసం ముగ్గురం నేల మీద బోర్లా పడుకున్నాం. అత్త చీపురుకట్టతో కెలుకుతోంది, నేను ఫోన్ టార్చి పట్టుకున్నాను.

"ఇన్నాళ్ళకి నీ కుడిచెయ్యి ఒక పనికొచ్చె" అన్నాడు మామ.

నలిగి, నానిపోయిన పొట్లం బయటికొచ్చింది. విప్పాం. తెల్ల పువ్వు.

"చూశావా!" ఇద్దరం ఒక్కసారే అరిచాం.

"ఏం చూశావా? నేను అడిగింది పిల్లి చెన్నైకి రావాలా అని. సరే అన్నాడు!"

"నేను అడిగింది లీడరు ఈడనే ఉండాలా అని. సరే అనె!"

అత్త నేల మీద నుంచి లేవకుండానే తలపట్టుకుంది. "అడిగే ముందర ఇద్దరూ ఒకే మాట అనుకోవాలని తెలీదా మీకు? ఒకరు సదివిన బిడ్డ, ఒకరు ఊరికంతా పంచాంగం దిద్దే పెద్దమనిసి."

"మీరేం అడిగారు అత్తా?"

"ఈ సెని నా ఇంటికి మటుకు రాకూడదు అని. నాకూ సరే అనినాడు."

మళ్ళీ అడుగుదామన్నాను. ఇద్దరూ చెంపలేసుకున్నారు. ఒకే సంగతి రెండు తూర్లు అడిగితే సామికి కోపమొస్తుందట. నా కోపం సంగతి ఎవరికీ పట్టలేదు.

ప్రయాణం రోజు పొద్దున బుట్ట చూసి లీడరు అటక మీదికి ఎక్కింది. ఎంత పిలిచినా దిగలేదు. కుర్చీ వేసుకున్నా నాకు అందలేదు. ఆటో వచ్చి హారన్ కొడుతోంది. "ఉండు పాపా, పక్కవీధిలో నిచ్చెన అడిగి తెస్తా" అని మామ వెళ్ళాడు. వెళ్ళిన మనిషి రాలేదు. బస్సు పోతుందన్న భయంతో ఖాళీ బుట్టతో ఆటో ఎక్కాను. బస్సు కదులుతుండగా కిటికీలోంచి పల్లీల కడలమిఠాయి పొట్లం ఒకటి నా ఒళ్ళో పడింది. కింద మామ, రొప్పుతూ.

"నిచ్చెన లేదు పాపా! వచ్చే నెల వచ్చి తీసుకుపో!"

వచ్చే నెల వెళ్ళాను. వాన. తడిస్తే దానికి జ్వరం వస్తుందన్నాడు. ఆ పై నెల వెళ్ళాను. కట్టలు ఎక్కువొచ్చే సమయం, లీడరు లేకపోతే తనకి విశ్రాంతి ఉండదన్నాడు. ఒకసారి బుట్ట తీసుకెళ్ళడమే మరిచిపోయాను. పిల్లిని తేవడానికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా బుట్ట మరుస్తారా అని మీరు అడక్కండి. బస్సు ఎక్కే హడావుడిలో మరుస్తారు. ఆదివారాలు ఆ టేబుల్ దగ్గరే గడిచిపోయేవి. పిల్లి కాగితాల మీద, మామ దాని చుట్టూ.

"పాపా, ఆ తోక ఎత్తి దాని కింద ఏమి రాసినారో చూడు."

ఫోన్ పక్కన పెట్టి, రెండు వేళ్ళతో తోక ఎత్తేదాన్ని. "రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు."

"సరి. దింపేయి."

పోయిన ఏడాది వానలకి ముందు, మధ్యాహ్నం కూడు తిని ఆ కుర్చీలోనే కునికిన మనిషి లేవలేదు. శివకాశి వాళ్ళు వచ్చి, సగం చూసిన కట్ట తీసుకెళ్ళారు. పని ఏ పేజీలో ఆపాడో వాళ్ళు వెతుక్కోనక్కర్లేకపోయింది, పిల్లి దాని మీదే ఉంది. నేనేమో అప్పటికే కొత్త ఓనరుతోనూ గొడవపడి హాస్టల్లో ఉన్నాను. అక్కడ పిల్లి బొమ్మ ఉన్న టీషర్టు వేసుకున్నా వార్డెన్ అనుమానంగా చూస్తుంది. బుట్ట అత్త చేతికెక్కింది. "సామి నా ఒక్కదానికే అబద్దం చెప్పినాడు" అంటూ లీడర్ని విరుదునగర్ పట్టుకుపోయింది. వచ్చే నెల తీసుకెళ్తానని చెప్పాను.

ఇప్పుడు నెలనెలా విరుదునగర్ వెళ్తున్నాను. పోయిన నెల అత్త చిన్నుల్లిపాయలు ఒలుస్తోంది. లీడరు ఆ పొట్టు మీద కూర్చుని ఉంది. నేను ఊరికే అన్నాను: "ఏమన్నా గానీ అత్తా, ఆ రోజు పువ్వు నాకే వచ్చింది. ఇది నా పిల్లే."

"ఏమి పువ్వు? మీ మామ పిల్లి గురించి యాడ అడిగె?"

"ఇక్కడే ఉండాలని అడిగాడుగా. మీ ముందే చెప్పాడు."

"అది నీకు చెప్పింది. నన్ను బస్సెక్కించను వచ్చి నాతో నిజం చెప్పె. పాప వస్తా పోతా ఉండాల, అంతే అడిగితిని వదినా అనె. పిల్లి ఈడుంటే వస్తాది కదా అనె." ఒక ఉల్లిపాయ ఒలిచి గిన్నెలో వేసింది. "ఇంక పాప కంట్లో పడకుండా నిచ్చెన యాడన్నా దాచాల అనె. పెరట్లో గోడకి చేర్చి ఉండె కదే, నువ్వు చూడలేదా?"

నెలల తరబడి ఆ ఇంట్లో ఉన్నాను. ఆ పెరట్లో నిలబడి రోజూ గంటలకొద్దీ ఫోన్ మాట్లాడాను. నిచ్చెన చూడలేదు.

"అబద్ధం" అన్నాను. నా గొంతుకి పిల్లి లేచి వెళ్ళిపోయింది. ఉల్లిపాయల ఘాటు ఒకటి, కళ్ళు మండుతున్నాయి. "నువ్వు అన్నీ కల్పించి చెప్తావు అత్తా."

"నన్ను నువ్వు అంటివా? సరే, పెద్దదే కోపం" అంది అత్త, అచ్చం ఆయనలాగే.

అత్త ఏ కథనైనా ఉప్పూ కారం వేసి చెప్పే మనిషని మా వైపు అందరికీ తెలుసు. కాబట్టి ఆ మాట నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. జరిగింది జరిగినట్టు చూడండి. నేను ఆయన ఉన్నన్నాళ్ళూ నెలనెలా బస్సులో నడుం విరగ్గొట్టుకుని కోవిల్‌పట్టి వెళ్ళింది నా పిల్లిని నేను తెచ్చుకోవడానికి. ఆ నిచ్చెన కనబడి ఉంటే మొదటి రోజే తెచ్చుకునేదాన్ని, మళ్ళీ ఆ ఊరి మొహం చూసేదాన్ని కాదు. ఇందులో ఆయన మనసులో అడిగేదేముంది, సామి సరే అనేదేముంది? పిల్లి వంకతో నువ్వు ఆ మనిషి కోసమే వెళ్ళావని నా మొహం మీద అనగల ధైర్యం మీలో ఎవరికుంది?